ఎవరి జోలికీ పోని దీవి

ఈ నెల మొదట్లో ఒక సోమవారం ఉదయం, నేను పళ్ళు తోముకుంటుండగా మా ఆవిడ ఫోను మోగింది. ఆమె పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఫోను మాత్రం నేను రోజూ ఛార్జింగ్ పెడుతూనే ఉన్నాను, ఆమె పెట్టే చోటే, వంటింటి కిటికీ పక్కన. చూస్తే మెసేజి. "మిస్, ట్రైనింగ్ కోసం సింగపూర్ వస్తున్నాను, రెండు వారాలు. వచ్చే వారం శనివారం సాయంత్రం నాకు ఖాళీ. మిమ్మల్ని చూడకుండా వెళ్ళను." పంపింది మాల్దీవుల్లో ఒక చిన్న దీవిలో ఆమె దగ్గర చదువుకున్న అమ్మాయి. ఇప్పుడు ఆ బడిలోనే లెక్కల టీచరు. నేను నోట్లో నురగతో అలాగే నిలబడిపోయాను. మా ఆవిడ పోయినట్టు ఆ అమ్మాయికి తెలియదు. ఆ దీవిలో ఎవరికీ తెలియదు. తెలియకపోవడానికి కారణం నేను. ఎనిమిది నెలలుగా ఆ ఫోనులోంచి ఆమె పేరున జవాబులిస్తున్నది నేనే.

ఇది ఎలా జరిగిందో చెప్పాలంటే రెండు దీవుల సంగతి చెప్పాలి. మా కాపురం చాలాకాలం రెండు దేశాల్లో నడిచింది, రెండూ దీవులే. నేను విశాఖపట్నం నుంచి ఇక్కడ సింగపూర్‌లో ఓడల మరమ్మతు యార్డుకి, వెల్డింగ్ సరిగ్గా పడిందో లేదో చూసే ఉద్యోగానికి వచ్చాను. అప్పట్లో మరో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి. ఆమె విశాఖలోనే బడిలో లెక్కలు చెప్పేది. మా అమ్మాయి ఇంజనీరింగ్ హాస్టల్లో చేరిన ఏడు, మాల్దీవుల్లో టీచర్లు కావాలన్న ప్రకటన పేపర్లో చూసి దరఖాస్తు పెట్టింది. నాతో చెప్పింది మాత్రం ఉద్యోగం వచ్చాకే. "మీరొక దీవిలో ఉన్నారు కదండీ, నాకూ ఒకటి ఉండనీండి" అంది. ఏడాదే కదా అనుకున్నాం. తొమ్మిదేళ్ళు ఉంది.

అక్కడ శుక్ర, శనివారాలు సెలవు. ఇక్కడ శని, ఆదివారాలు. ఇద్దరికీ కలిసొచ్చేది శనివారం ఒక్కటే. ఆ రోజు గంటసేపు ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం, ఆ గంటలో సగం ఎవరి దీవి గొప్పదన్న తగాదాకే సరిపోయేది. ఆమె దీవి చుట్టూ నడిచి రావడానికి ఇరవై అయిదు నిమిషాలు, అదీ నెమ్మదిగా నడిస్తే. వీధులన్నీ తెల్లటి ఇసక. పొద్దున్నే ఆడవాళ్ళు ఎవరింటి ముందు ఇసక వాళ్ళు ఊడ్చుకుంటారు. మూడు పూటలా ట్యూనా చేప. కూరగాయలు వారానికొక పడవలో వస్తాయి, గాలి బాగా వీస్తే అవీ రావు. నా దీవిలో ఆ చివరినుంచి ఈ చివరికి రైల్లో గంట పైన పడుతుంది, ఆ గంటలో పక్కవాడు మనవైపు చూడడు.

"మా దీవిలో ఇవాళ పడవొచ్చింది. బెండకాయలు దొరికాయి" అనేది.

"మా దీవిలో బెండకాయలు ఎప్పుడూ ఉంటాయి. నా ఫ్రిజ్‌లోనే ఉన్నాయి."

"ఎవరు తెచ్చి పెట్టారు?"

"ఎవరు తెస్తారు? నేనే కొనుక్కున్నాను."

"నాకు పక్కింటావిడ తెచ్చిచ్చింది. నేను అడగలేదు కూడా" అనేది, పందెం గెలిచినట్టు.

ఆమె అక్కడికి వెళ్ళిన రెండోరోజే ఒక మాట పట్టుకుంది. ఆ దీవిలో ప్రతి ఇంటి ముందూ నాలుగైదు వల కుర్చీలు వరసగా ఉంటాయి. ఇనప గొట్టాల చట్రానికి నైలాన్ తాళ్ళతో వల అల్లుతారు. కూర్చుంటే మనిషి అందులోకి దిగిపోతాడు, లేవడానికి ఎవరైనా చెయ్యివ్వాలి. సాయంత్రం ప్రార్థన అయ్యాక అందరూ ఆ వలల్లో చేరి చీకటిపడేదాకా కబుర్లాడుకుంటారు. ఆ వల కుర్చీని వాళ్ళ భాషలో జోలీ అంటారు. "చూశారా, మనం నా జోలికి రాకు అంటాం, వీళ్ళు జోలీలోకి రా అంటారు" అని ఫోన్లో ఎంత నవ్విందో. ఆ తర్వాత నా దీవికి ఆమె పెట్టిన పేరు, ఎవరి జోలికీ పోని దీవి. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను. నిజంగానే నాకు అది నచ్చేది.

ఆ తొమ్మిదేళ్ళలో నేను అక్కడికి ఒక్కసారే వెళ్ళాను, పన్నెండు రోజులకి. మూడోరోజుకే ఊపిరాడలేదు. ఉదయం ఒక్కణ్ణే నడుద్దామని బయల్దేరితే, ఊడుస్తున్న ప్రతి ఆడమనిషీ చీపురు ఆపి, "సర్, ఎక్కడికి?" అని అడిగేది. "వాకింగ్" అంటే, "వాకింగ్ సరే, ఎక్కడికి?" అని మళ్ళీ అడిగేవారు. ఇరవై అయిదు నిమిషాల దీవిలో ఆ ప్రశ్నకి జవాబు లేదు. నాకు తలనొప్పి వచ్చిందని మధ్యాహ్నం మా ఆవిడతో అంటే, సాయంత్రానికల్లా ముగ్గురు మందులు తెచ్చారు. ఆ వారంలోనే ఎవరో ముసలాయన పోయారు. మసీదు మైకులో చెప్పారు. ఉన్న మూడు దుకాణాలూ మూశారు, బడి వదిలేశారు. నేనెవరో, ఆయనెవరో, నన్నూ ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ జనంలో నిలబెట్టారు. మా ఆవిడ అప్పటికే ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఉంది, ఆ ఇంటి మనిషిలాగే. నేను తిరుగు ప్రయాణానికి రోజులు లెక్కపెట్టుకున్నాను.

ఆరేళ్ళ కిందట ఆమె అక్కడ ఉద్యోగం మానేసి టోవా పాయోలో నా ఫ్లాట్‌కి వచ్చేసింది. అమ్మాయి అప్పటికే పెళ్ళయి ఇక్కడే సెంగ్‌కాంగ్‌లో ఉంది, మనవరాలికి మూడేళ్ళు. వచ్చిన మొదటి వారం కింద చవక తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. ఖాళీ బల్లమీద ఎవరో టిష్యూ ప్యాకెట్ పెట్టి తిండి తెచ్చుకోవడానికి వెళ్ళారు. ఇక్కడ అది ఆ చోటు నాది అని చెప్పే పద్ధతి, చోప్ చేయడం అంటారు. ఆమెకది తెలియదు. పాపం ఎవరో మరిచిపోయారని ఆ ప్యాకెట్ పట్టుకుని వరస వెంట ఒక్కొక్కరినే "ఈజిట్ యువర్స్?" అని అడుగుతూ పోయింది. వెనక్కి వచ్చేసరికి ఆ బల్ల దగ్గర వేరే వాళ్ళు కూర్చున్నారు. టిష్యూ తాలూకు మనిషి చేతిలో నూడుల్స్ గిన్నెతో మమ్మల్ని చూసిన చూపు నాకింకా గుర్తే. "తన చోటుకి కాపలా మనిషిని పెట్టుకోవాలి గాని, కాగితాన్నా?" అని ఇంటికొచ్చేదాకా సణిగింది.

తర్వాత మా తలుపు బయట నడవాలో మూడు ప్లాస్టిక్ కుర్చీలు వేసింది, జోలీ అనుకుని. సాయంత్రం ఒక కుర్చీలో తను కూర్చుని చిక్కుడుకాయలు వొలిచేది. లిఫ్టు వైపు వెళ్ళేవాళ్ళు నవ్వుతూ తల ఊపేవారు, కుర్చీల పక్కనుంచి ఒద్దికగా ఒదిగి వెళ్ళేవారు. నాలుగోవారం తలుపుమీద నోటీసు అంటించారు, దారికి అడ్డం, నిప్పంటుకుంటే ప్రమాదం అని. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, "మర్యాదగా రాశారండీ" అంది. కుర్చీలు లోపల పెట్టేసింది. ఆ తర్వాత ఆరేళ్ళూ ఆమె ఈ ఊరిని మీ దీవి అనే అంది. నా దీవిలో ఆమెకి ఒక ఇల్లుంది, పడవకోసం ఎదురుచూడకుండా దొరికే సోనామసూరి బియ్యం ఉంది, మనవరాలుంది. అయినా ఒక్కసారైనా మన దీవి అంటుందేమోనని చూశాను, అనలేదు. నేనూ అడగలేదు. అడిగి అనిపించుకునే మాట కాదది.

మార్చిలో ఒక మధ్యాహ్నం స్నానానికి వెళ్ళి బయటకి రాలేదు. గుండె. మండాయ్ శ్మశానవాటికకి మేం మొత్తం ఏడుగురం వెళ్ళాం, డ్రైవరుతో కలిపి. పదిరోజుల తర్వాత లిఫ్టులో ఎదురింటాయన నన్ను చూసి ఎప్పటిలాగే తల ఊపాడు. నేనూ ఊపాను. మా ఆవిడ కనబడటం లేదేమని ఆయన అడగలేదు. ఆయన భార్య ఎక్కడుందని ఇన్నేళ్ళలో నేనూ అడగలేదు.

పదకొండోరోజు ఆ అమ్మాయి దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. "మిస్, బాగున్నారా?" బంధువులందరికీ మా అమ్మాయి కబురు చెప్పింది గాని, ఆ దీవి వాళ్ళ నంబర్లు మా ఆవిడ ఫోన్లోనే ఉన్నాయి, ఆ పని నాకు వదిలేసింది. నేను రాయవలసిన వాక్యం చాలా చిన్నది. ఇంగ్లీషులో మూడు మాటలు. రెండు మాటలు కొట్టి ఆగిపోయాను. చెరిపేసి, "ఫైన్. హౌ ఆర్ యూ ఆల్?" అని పంపాను. ఆ రాత్రి నాకు చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది. ఎక్కడో ఒకచోట ఆమె బాగానే ఉంది. తర్వాత అదే అలవాటైంది. వాళ్ళు రాసేవారు, నేను రెండు ముక్కల్లో జవాబిచ్చేవాణ్ణి. ఫోన్ చేస్తే ఎత్తేవాణ్ణి కాదు. గుడ్. టేక్ కేర్. కంగ్రాట్స్. తక్కువ రాస్తే తక్కువ తప్పు అనుకున్నాను.

నన్ను మొదట పట్టుకున్నది మనవరాలు. తొమ్మిదేళ్ళది. ఆ సోమవారం మెసేజికి జవాబు రాయలేక ఆదివారం దాకా అలాగే ఉంచాను. ఆదివారం సెంగ్‌కాంగ్‌లో వాళ్ళింటి సోఫాలో కూర్చుని, సరే రమ్మని, పాయా లెబార్ స్టేషన్ పక్క మాల్‌లో కలుద్దామని కొడుతుంటే వెనకనించి తొంగిచూసింది.

"తాతయ్యా, దట్ వన్ అమ్మమ్మ ఫోన్ కదా. వై యూ రిప్లై లైక్ అమ్మమ్మ?"

"ఊరికే."

"వాళ్ళకి తెలీదా?"

నేను మెసేజి పంపేసి ఫోను బోర్లా పెట్టాను.

"లయింగ్ లా, తాతయ్యా. క్యానాట్." అబద్ధమాడుతున్నావు, కూడదు అని, ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో.

వంటింట్లోంచి మా అమ్మాయి, "ఏం క్యానాట్ అంటోందది?" అంది.

"నథింగ్ లా మమ్మీ" అంది మనవరాలు, నా మొహం చూసి. అది నాకోసం అబద్ధమాడింది. అంతవరకు నేనొక్కణ్ణే చేస్తున్న పనిలోకి ఆ పిల్లని కూడా దించాను.

ఆ వారమంతా ఇంట్లో కాలు నిలవలేదు. పొద్దున్నే బయల్దేరి రైలెక్కి చివరి స్టేషను దాకా వెళ్ళి, దిగకుండానే వెనక్కి వచ్చేవాణ్ణి. ఏ స్టేషన్లోనూ ఎవరూ ఎక్కడికని అడగలేదు. చెప్పవలసిన వాక్యాన్ని మనసులో రకరకాలుగా కట్టి చూసుకున్నాను. ఏదీ నోటికి రాదని తెలుస్తూనే ఉంది.

శనివారం ఏడింటికే వెళ్ళి కూర్చున్నాను. మాల్ కింది అంతస్తులో హలాల్ తిండి దొరికే చోటు. ఆ అమ్మాయి ఏడున్నరకి వచ్చింది, నీలం తలగుడ్డ, భుజాన పెద్ద సంచి. పద్నాలుగేళ్ళ పిల్లగా ఫొటోల్లో చూశాను, ఇప్పుడు ముప్ఫైకి దగ్గరపడిన మనిషి. నన్ను గుర్తుపట్టి చేతులు జోడించి తెలుగులో అంది:

"బాగున్నారా సర్? కూర్చోండి. నోరు ముయ్యండి."

మా ఆవిడ క్లాసులో అరుస్తూ నేర్పిన తెలుగంతా అదే. చివరన అండి చేర్చితే ఏ మాటైనా మర్యాద అవుతుందని ఆ అమ్మాయి నమ్మకం. నేను నవ్వాను. ఎనిమిది నెలల్లో అలా నవ్వడం అదే మొదలు. తను కూడా నవ్వి, సంచిలోంచి ఒక సీసా తీసి బల్లమీద పెట్టింది. ట్యూనాని గంటలకొద్దీ ఉడికించి నల్లటి ముద్దలా చేసే పచ్చడి, మా ఆవిడ దాన్ని అన్నంలో ఆవకాయలా కలుపుకునేదట. తర్వాత మాటలు ఇంగ్లీషులోనే, నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను.

"అమ్మ మిస్ కోసం చేసింది. మిస్ ఏరి? టాయ్‌లెట్‌కి వెళ్ళారా?"

"మిస్ ఈజ్ నో మోర్" అన్నాను. మన ఇంగ్లీషులో అలాగే అంటాం.

"నో మోర్ ఇన్ సింగపూర్?" అంది. "ఇండియా వెళ్ళిపోయారా? మరి నాకు చెప్పలేదే."

మెత్తటి మాట ఒకటి వెతుక్కుని దాని వెనక దాక్కుందామనుకున్నాను, అది ఆ దీవి మనిషి దగ్గర పనిచేయలేదు. అసలు మాటే అనవలసి వచ్చింది. "షీ డైడ్" అన్నాను. అది నేను ఎవరితోనైనా అనడం మొదటిసారి.

ఆ అమ్మాయి తన భాషలో మెల్లగా ఏదో అనుకుంది. సీసాని తన వైపుకి లాక్కుంది. తర్వాత, "ఎప్పుడు?" అంది.

"మార్చిలో."

తన ఫోను తీసి వేలితో పైకి జరుపుకుంటూ పోయింది. ఒకచోట ఆగి నాకు చూపించి, "ఇది?" అంది. నేనే అన్నాను. "ఇది?" అదీ నేనే. "ఇది కూడానా?" జూన్‌లో వాళ్ళమ్మకి పెద్ద ఆపరేషన్ అయిందని రాసిన మెసేజి అది. కింద నా జవాబు, టేక్ కేర్.

"మిస్ అయితే ఆ నిమిషమే ఫోన్ చేసేది" అంది. "ఏ డాక్టరు, ఏ ఊళ్ళో, పక్కన ఎవరున్నారు, ముందే ఎందుకు చెప్పలేదని తిట్టేది. మా అమ్మ ఆసుపత్రి మంచంమీద ఫోను పక్కన పెట్టుకుని చూసింది. మిస్ ఇంక చేయదని తెలిశాక ఏమందో తెలుసా సర్? మిస్ కూడా సింగపూర్ మనిషైపోయింది అంది. జోలీలో కూర్చుంటే ఇప్పుడు ఎవరూ మిస్ మాట ఎత్తరు. ఎత్తితే అమ్మకి కోపం. అయినా నేను వస్తున్నానంటే ఈ సీసా చేసిచ్చింది."

ఆమెని అక్కడ బతికిస్తున్నానని అనుకున్నాను నేను. నేను బతికించింది నాలాంటి మనిషిని.

"క్షమించు" అన్నాను.

"నన్ను కాదు" అంది. కళ్ళు తుడుచుకుంది గాని గొంతు మెత్తబడలేదు. "మా దగ్గర ఒకరు పోతే దీవంతా వస్తుంది, మీరు చూశారు. మిస్‌కి ఎంతమంది వచ్చారు?"

"ఏడుగురం."

"మేం ఆరువందల మందిమి ఉన్నాం సర్."

గడియారం చూసుకుంది. అక్కడ మూడు గంటలు వెనక, అయిదు కావస్తోంది, జోలీల వేళ. వాళ్ళమ్మకి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టి బల్ల మధ్య ఉంచింది. తన భాషలో చెప్పింది, నాలుగైదు మాటలే. అటువైపు ఒకావిడ ఏడుపు, ఎవరినో కేకేయడం, ఇసకమీద చెప్పుల చప్పుడు, ఇంకో గొంతు, ఇంకొకటి. పక్కబల్ల వాళ్ళు మావైపు చూసి వెంటనే చూపు తిప్పేసుకున్నారు. ఫోన్ అక్కడ చేతులు మారుతోందని తెలుస్తోంది. ఆ అమ్మాయి నా వైపు తిరిగి, "పోయిన సంగతి చెప్పాను. మెసేజిలు ఎవరు రాశారో చెప్పలేదు. అది మీరు చెప్పండి" అంది.

నేను ఫోను దగ్గరికి వంగాను. ఎనిమిది నెలలుగా జవాబులిచ్చింది మిస్ కాదని, నేనని, ఆపరేషన్ సంగతి ఆమెకి తెలియదని, తెలిసి ఉంటే ఫోన్ చేసి ఉండేదని చెప్పాను. ఆ అమ్మాయి ఒక్కో వాక్యం వాళ్ళ భాషలోకి మార్చింది. నేను ఆపాను. అప్పుడు వాళ్ళమ్మ ఏదో అంది, పొడుగ్గా, ఏడుస్తూనే, గట్టిగా.

"ఏమంటున్నారు?"

"ఇన్నాళ్ళూ ఏ తప్పూ లేని మిస్‌ని తిట్టాం, ఇక మిమ్మల్ని తిడతాం అంటోంది" అంది. ఆగి వింది. "ఒక్కరే ఉంటున్నారా, వండేదెవరు అని అడుగుతున్నారు. ఎవరు అడుగుతున్నారో తెలియడం లేదు, అందరూ మాట్లాడుతున్నారు."

నేనొక్కణ్ణే ఉంటున్నానని, నేనే వండుకుంటానని చెప్పాను. ఏం వండుకుంటారని అడిగారు. చెప్పాను. దానికీ తిట్టారు.

మర్నాడు ఆదివారం, అక్కడ బడి ఉన్న రోజు. పొద్దున్నే పిల్లలందరినీ ఇసకలో నిలబెట్టి మిస్ పేరు చెప్పారని ఆ అమ్మాయి మెసేజి పెట్టింది, ఈసారి నా ఫోనుకి. ఆ వరసల్లో చాలామంది ఆమెని చూసైనా ఉండరు. ఇక్కడ ఆమె మార్చిలో పోయింది. అక్కడ మొన్న శనివారం సాయంత్రం పోయింది. నడుమ ఎనిమిది నెలలు ఆమె ఆ దీవిలో ముభావంగా, మనిషి మారిపోయి బతికింది, అది నేను చేసిన పని. గడిచిన కాలాన్ని వాళ్ళకి తిరిగి ఇవ్వలేను, నాదని ఉంచుకోనూ లేను.